ఎముక సంగతి తరువాత, ముందు పాదం చూడండి



పిల్లవాడు ట్రాక్టర్ మీద నుంచో, చెట్టు మీద నుంచో పడి మోకాలు వాస్తే మనమందరం మొదట అడిగేది "ఎముక విరిగిందా?" అని. ఇన్నేళ్ల నర్సు పనిలో నాకు తెలిసింది వేరు. ముందు అడగవలసినది "పాదం వెచ్చగా ఉందా?" అని.

మోకాలి వెనుక గుంటలో, ఎముకకు దగ్గరగా, కాలికి రక్తం తీసుకువెళ్లే పెద్ద నాళం ఉంటుంది. అది పైన, కింద బిగిసి ఉంటుంది కనుక ఎముక పక్కకు జరిగితే సాగి చిట్లుతుంది, లేదా లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోతుంది. పిల్లల్లో ఎముక పెరిగే మెత్తని భాగం మోకాలి దగ్గరే ఉండటం వలన దెబ్బకు అదే ముందు జరుగుతుంది. పైకి చుక్క రక్తం కనిపించకపోవచ్చు.

ఒకసారి పదేళ్ల బాబును రెండో రోజున తెచ్చారు. ఊళ్లో వెదురు బద్దలతో బిగించి కట్టారు. రాత్రంతా ఏడిస్తే కొత్త కట్టు కదా అనుకున్నారు. తెల్లవారుజామున ఏడుపు ఆగితే తగ్గిందనుకున్నారు. తగ్గలేదు, స్పర్శ పోయింది. కాలు తీసివేయవలసి వచ్చింది. ఆ తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. పాదం చూడమని వారికి ఎవరూ చెప్పలేదు.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ నాళం దెబ్బతిన్న సైనికుల్లో నూటికి 70 మందికి పైగా కాలు పోయింది. నాళాన్ని అతికే పద్ధతి వచ్చాక, వియత్నాం యుద్ధంలో అది సుమారు 30కి తగ్గింది. నేడు రెండో కాలి నుంచి సిర తీసి అతుకుతారు. పిల్లలకైతే నాళం ఎదిగేందుకు వీలుగా విడివిడి కుట్లు వేస్తారు. వైద్యం ఉంది. కాని రక్తం ఆగిన 6 గంటలు దాటితే కాలు దక్కే ఆశ తగ్గిపోతూ వస్తుంది.

కోదాడ నుంచి హైదరాబాద్ 170 కిలోమీటర్లకు పైనే. అందుకే మన ప్రాంతంలో ఒక్క గంట కూడా వృథా చేయకూడదు. పాదం చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, వేళ్లు కదపలేకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మర్దన, కాపడం, బిగుతు కట్టు వద్దు. కాలు ఉన్న తీరులోనే కదలకుండా ఉంచండి. రక్తనాళాల సర్జన్ ఎక్కడ ఉన్నారో ముందే కనుక్కుని నేరుగా అక్కడికే వెళ్లండి. పాదం వెచ్చగానే ఉన్నా ఆసుపత్రిలో చూపించాలి, గంట గంటకూ పాదం చూస్తూ ఉండాలి. నాళం కొన్ని గంటల తరువాత కూడా మూసుకుపోవచ్చు.

ఇది మా నర్సులకూ చెబుతుంటాను. ఎక్స్‌రే ఎముకను చూపుతుంది, నాళాన్ని చూపదు. దాన్ని ముందు పట్టేది మన చెయ్యే.