మొహమాటపు జామీను

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రం అయింది. అప్పటి నుంచి ఆళ్లగడ్డ వైపు కుటుంబాలు కొన్ని ఇక్కడికి మకాం మార్చాలని చూస్తున్నాయి. పిల్లల కాలేజీకి, కలెక్టరేటుకు, ఆసుపత్రికి ప్రతిసారీ 40 కిలోమీటర్లు బస్సులో వచ్చి పోవడం ఎన్నాళ్లని! సొంత ఇల్లంటే మాత్రం చేతిలో ఉన్న డబ్బు చాలదు. బ్యాంకు గడప తొక్కక తప్పదు. చిక్కంతా అక్కడే మొదలవుతోంది.

ఆళ్లగడ్డలో వెల్డింగు షాపు నడిపే ఒక సోదరుడు ఆ మధ్య మా దగ్గరికి వచ్చాడు. నంద్యాలలో రెండు గదుల ఇల్లు బేరం కుదుర్చుకుని అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. తీరా బ్యాంకువారు దరఖాస్తు తిరగ్గొట్టారు. "భాయ్, నేను ఒకరి బాకీ ఎగ్గొట్టినవాణ్ని కాదు. నా పేరు మీద ఈ మచ్చ ఎక్కడిది?" అని అడిగాడు. సిబిల్ రిపోర్టు తెప్పించి చూస్తే సంగతి బయటపడింది. చాలా ఏళ్ల కిందట బావమరిది ట్రాక్టరు అప్పుకు జామీను సంతకం పెట్టాడు. ఇంటి అల్లుడు కాబట్టి కాదనలేకపోయాడు. కాగితం చదవనూ లేదు. బావమరిది కొన్ని కంతులు కట్టి మానేశాడు. ఆ సంగతి ఇతనికి ఎవరూ చెప్పలేదు.

జామీనంటే సాక్షి సంతకం లాంటిదేనని మనలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీనుదారు బాధ్యతా అంతే. 2000లో సిబిల్ వచ్చాక ఈ లెక్కలన్నీ ఒకచోట చేరుతున్నాయి. ఇప్పుడు అలాంటి కంపెనీలు నాలుగున్నాయి. సిబిల్ మార్కు 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఆళ్లగడ్డలో ఆగిన కంతు నంద్యాల బ్యాంకులోనే కాదు, హైదరాబాదులోనూ కనబడుతుంది.

రైతుల సంగతి ఇంకో రకం. 2014 ఎన్నికలలో రుణమాఫీ వాగ్దానం విని ఎందరో కంతులు ఆపేశారు. గెలిచిన ప్రభుత్వం కుటుంబానికి లక్షన్నర వరకు అని పరిమితి పెట్టి, విడతలుగా ఇస్తామన్నది. చివరి విడతలు అందకుండానే 2019లో ప్రభుత్వం మారిపోయింది. వాగ్దానం చేసినవారి పేరు మీద ఏ మచ్చా పడలేదు. నమ్మి ఆగినవారి ఖాతాలు మాత్రం మొండి బాకీల పద్దులోకి వెళ్లాయి.

అప్పు విషయంలో మన ధర్మం ఎంత నిక్కచ్చిగా ఉందో పాఠకులకు తెలియనిది కాదు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పెద్ద వాక్యం అప్పును రాసుకోవడం గురించే. అప్పు తీర్చకుండా చనిపోయిన ఒక వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (స) వెనుకాడారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ కొద్ది దీనార్లకు తాను జామీను ఉంటానన్న తర్వాతే చేయించారు. ఆయన ఇచ్చిన మాట మొహమాటపు మాట కాదు, తీర్చే మాట.

కాబట్టి ఇంటికి అడ్వాన్సు ఇవ్వకముందే మీ రిపోర్టు చూసుకోండి. ఒక్కో కంపెనీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. అందులో తప్పుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆలస్యమైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం రావాలి. బాకీ నిజమైతే తీర్చడమే మార్గం. సగం కట్టి 'సెటిల్‌మెంట్' చేసుకుంటే ఆ మాట రిపోర్టులో అలాగే నిలిచిపోతుంది. పూర్తిగా కట్టి, బాకీ లేదన్న పత్రం తీసుకోండి. స్కోరు పెంచిపెడతామని ఫీజు అడిగే దళారులకు రూపాయి కూడా ఇవ్వవద్దు. నిజమైన పద్దును ఎవరూ చెరపలేరు.

వడ్డీ మాటేమిటని కొందరు అడుగుతారు. అడగాల్సిందే. వడ్డీ లేని బ్యాంకింగు ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లకూడదని రిజర్వు బ్యాంకు 2017లో నిర్ణయించింది. అందువల్ల గృహరుణం తీసుకోవాలా వద్దా అన్నది ఎవరికి వారు ఉలమాలను అడిగి తేల్చుకోవలసిందే. మేము ఫత్వా ఇవ్వబోవడం లేదు. కానీ పాత బాకీ తీర్చడంలో సందేహానికి తావు లేదు. జకాత్ పొందే ఎనిమిది వర్గాల్లో బాకీ తీర్చలేనివారూ ఉన్నారు. మన మసీదు కమిటీలు రంజాన్‌లో బియ్యం, బట్టలు పంచుతున్నాయి, సంతోషం. నిజంగా చితికిపోయిన నాలుగు కుటుంబాల పాత బాకీ అసలు కూడా ఆ పద్దులో ఎందుకు తీర్చకూడదు? ఈ మాట ఒక కమిటీ పెద్ద దగ్గర అంటే, అలా చేస్తే అందరూ అప్పులు చేస్తారని నవ్వేశారు. ఆ నవ్వు మాకు నచ్చలేదు.

వెల్డింగు షాపు సోదరుడికి అడ్వాన్సు తిరిగి రాలేదు. బావమరిది ట్రాక్టరు అమ్మి కొంత, ఇతను కొంత వేసి ఆ అప్పు మూసేశారు. ప్రస్తుతం నంద్యాలలో అద్దె ఇంట్లో ఉంటూ రోజూ ఉదయం బస్సులో ఆళ్లగడ్డ షాపుకు వెళ్లి వస్తున్నాడు.