వాగు ఇసుకలో కాపురమున్న జీవులు

వేసవిలో వాగు ఎండినపుడు చెలమ తీసి నీరు ముంచుకొనుట మన పల్లెలలో అలవాటు. ఆ నీరు తేటపడుటకు ఇసుకయే కారణమని తలంతుము. ఇసుకలోని జీవులకు కూడ అందు పాలు గలదు.

ఇసుక, గులకరాళ్ల సందులలో కంటికి ఆనని ప్రాణులు అనేకము గలవు. అందు కొన్ని రొయ్యల కుటుంబమునకు చెందినవి. వాటిలో పలువాటికి కన్నులుండవు, రంగుండదు. రేణువులకు పట్టిన జిగటపొరను, కుళ్లిన ఆకుల నలుసులను ఇవి మేయును. వీటి సంచారము సందులు పూడిపోకుండ తోడ్పడును. వరద వచ్చినను, పైనీరు ఎండినను కొన్ని లోనికి దిగి ప్రాణము దక్కించుకొనును.

ఈ కాపురము వాగుగట్టుతో ఆగదు. అమెరికాలోని మోంటానాలో ఫ్లాట్‌హెడ్ నదికి సుమారు 2 కిలోమీటర్ల దూరపు బావులలో సైతము నదిపురుగుల పిల్లలు దొరికినట్లు 1988లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మన కోస్తా జిల్లాల భూగర్భజలములలోను ఇట్టి జీవులను నాగార్జున విశ్వవిద్యాలయము వారు గుర్తించి పేర్లు పెట్టిరి.

ఇండ్లకు ఇసుక కావలసినదే. అయితే అడుగు బంకమన్ను కనపడునంతగా వాగును గీకినచో, నీటిని వడగట్టి నిలుపు పొర యావత్తు పోవును. 2002 నాటి వాల్టా చట్టము ఇసుక త్రవ్వకమునకు హద్దులు పెట్టినది. గ్రామాధికారులు వాటిని నిలబెట్టవలెను. రైతులు పురుగుమందు డబ్బాలను వాగులో కడుగరాదు. చెలమ పాడైనచో ఒడ్డున ఉన్న మన బావికే చేటు.