అకాలవర్షమును కౌలుదారుడును

ఫాల్గునము చివరను తెలంగాణమున వాన కురిసినచో దానిని అకాలవర్షమనుట వాడుక. కాని ఏటేటను వచ్చుదానిని అకాలమనుట ఎంతవరకు తగునో యని మాకు సందేహము కలుగుచున్నది. 2022 జనవరి రెండవ వారమున పరకాల, నర్సంపేట, భూపాలపల్లి ప్రాంతములలో వడగండ్లు పడి కాయ పండుబారిన మిరపచేలు నేలమట్టమైనవి. 2023 మార్చి నడుమ మరల వడగండ్లు. అదే సంవత్సరము ఏప్రిల్ చివరి వారమున ఇంకొకమారు. 2024, 2025 సంవత్సరముల మార్చి నెలలును పొడిగా గడువలేదు. ఇట్లు వచ్చుచుండగా ప్రతి పర్యాయమును ఇదియే మొదటిసారి యన్నట్లు అధికారులు పరుగులిడుట, పత్రికలు విచారము వెలిబుచ్చుట, నెల తిరుగకమున్నే అందఱును మఱచుట రివాజైనది. అందుచేత 2023 మార్చినాటి వారమును ఉదాహరణముగ గైకొని, ఆ వానలో ఎవరి సొత్తు పోయినది, దాని పరిహారము ఎవరి పేర వ్రాయబడినది యను విషయమును చర్చింపదలచినాము.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి అను మూడు జిల్లాలును 2016 అక్టోబరు 11వ తేదీ వరకు ప్రధానముగ పాత వరంగల్లు జిల్లాలోని భాగములే. అయినను నేలలు వేఱు, పంటలు వేఱు. జనగామ మెట్టసీమ, చెరువులు, బోరుబావులు, దేవాదుల ఎత్తిపోతల నీరు ఆధారముగ యాసంగి వరి ఈనడుమ పెరిగినది. మహబూబాబాదున వరితోపాటు మొక్కజొన్న, మిరప ముఖ్యములు. తండాలలోని గిరిజన రైతులు పెక్కుమంది మిరపనే నమ్ముకొన్నవారు. భూపాలపల్లి గోదావరి యొడ్డునను అడవి యంచునను ఉన్నది. అచ్చట బొగ్గుగనులకు ప్రసిద్ధి యున్నను పల్లెజనము మిరప, ప్రత్తి, వరి, అడవి ఫలసాయములపై బ్రదుకుచున్నారు. ఒకే వారపు వాన ఈ మూడింటిని మూడు విధముల కొట్టును. జనగామలో పాలుపోసికొన్న వరికంకి రాలును, మామిడి పిందె రాలును. మహబూబాబాదులో కంకిపట్టిన జొన్న నిలువున పడిపోవును. కోసి కళ్లములో ఆరబోసిన మిరపకాయ తడిసి తాలుకాయ యగును. భూపాలపల్లి అడవిలో ఇప్పపూవు బురదపాలగును.

ఆ వారము నడచిన తీరు పల్లెలలో నున్నవారికి మేము చెప్పనక్కఱలేదు. ఉదయము ఎండ చుఱ్ఱుమనును; మధ్యాహ్నము తిరిగిన వెనుక ఈశాన్యముననో పడమటనో మబ్బు లేచును; గాలిదుమారము, ఉఱుము, పిదప పావుగంటయో అరగంటయో వడగండ్లు; రాత్రి చల్లదనము; మఱునాడు మరల అదియే. వాతావరణ శాస్త్రజ్ఞులు దీనికి చెప్పు కారణము సులభముగనే బోధపడును. ఈ ఋతువులో భూమి వేడెక్కినది గాని పైగాలి యింకను చల్లగానే యుండును. బంగాళాఖాతము వైపునుండి తేమగాలియు, ఉత్తర పశ్చిమములనుండి పొడిగాలియు దక్కను పీఠభూమిపై తారసిల్లినపుడు తేమగాలి నిట్టనిలువుగ పైకెగయును. పైకిపోయిన నీటిబొట్టు గడ్డకట్టి, గాలి తాకిడికి క్రిందుమీదగుచు పొరపై పొర చేర్చుకొని, బరువు మోయలేనప్పుడు రాలును. నడివేసవిలో వడగల్లు దారిలోనే కరుగుటకు అవకాశము మెండు. మార్చిలో కరుగకముందే చేను చేరును. ఒక ఊరి తూర్పుచేను నాశనమై పడమటిచేను చెక్కుచెదరకుండుటకు గూడ కారణమిదియే. ఈ మేఘములు వెడల్పు తక్కువైనవి. ఈ సంగతి తరువాత చెప్పబోవు లెక్కల విషయమున ముఖ్యమైనది.

2023లో శుభకృత్తు వెడలి శోభకృతు ప్రవేశించిన ఉగాది మార్చి 22వ తేదీ. ఆ మఱునాడే నాటి ముఖ్యమంత్రి శ్రీ కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు ఖమ్మము, మహబూబాబాదు, వరంగల్లు, కరీంనగరము జిల్లాలలో పడిపోయిన పంటలను చూచినారు. మహబూబాబాదు జిల్లాలో వారు దిగిన చోటు పెద్దవంగర మండలము. రాష్ట్రమంతట 2,28,258 ఎకరములు దెబ్బతిన్నట్లు ఆనాడు ప్రకటింపబడినది. అందులో మొక్కజొన్న 1,29,446, వరి 72,709, మామిడి 8,865 ఎకరములు, శేషము ఇతర పంటలు. ఎకరమునకు పదివేల రూపాయల చొప్పున సాయమనిరి. కౌలురైతులకు గూడ సాయము చేరవలెననియు నుడివిరి. ఆ మాటకు మేము సంతోషించుచున్నాము. వానపై వచ్చిన ప్రకటనలలో కౌలుదారు పేరు వినబడుట అరుదు.

తరువాత జరిగిన గణనలో ఆ రెండు లక్షల ఇరువదియెనిమిది వేలు దాదాపు ఒకటిన్నర లక్షల ఎకరములకు దిగినది. విడుదలయైన ధనమును ఆ మేరకే. ఇందు కుట్ర యున్నదని మేము అనము. మొదటిది కంటితో వేసిన అంచనా, రెండవది చేనుచేను తిరిగి వ్రాసినది. కాని 33 శాతము నష్టమున్నగాని లెక్కకురాదను నియమమొకటి కలదు. మూడవవంతు రాలినదా, నాల్గవవంతు రాలినదా యను నిర్ణయము ఒక్క ఉద్యోగి కంటిలో నున్నది. వడగండ్లు గట్టునకీవల కురిసి ఆవల కురియని చోట ఆ కన్ను ఎంత పొరబడవచ్చునో చదువరులే యూహింపగలరు. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో విపత్తు సాయమునకు విధించిన నిబంధనలు మఱింత బిగువైనవి: వర్షాధారపు చేనికి హెక్టారునకు 8,500 రూపాయలు, నీటిపారుదల గల చేనికి 17,000, బహువార్షిక తోటలకు 22,500, అదియు రెండు హెక్టార్ల వరకే. నీటి వసతిగల వరిచేనికి ఎకరమునకు ఏడువేలయినను రావు. పంటబీమా మాట యెత్తుదమన్నచో ఫసల్ బీమా పథకమునుండి రాష్ట్రము 2020లోనే వైదొలగియుండెను.

లెక్కలోనికి బొత్తిగా రానివి మఱి రెండు గలవు. ఉద్యోగి చేనిని చూచును గాని కళ్లమును చూడడు. ఏప్రిల్ చివర కొనుగోలు కేంద్రమునెదుట కుప్పపోసి వంతుకై వేచియున్న ధాన్యము తడిసినచో అది పంటనష్టము గాదట! తేమ పదునేడు శాతము మించిన ధాన్యము కొనరాదను నిబంధన మాత్రము ఆ కుప్పకు తప్పక వర్తించును. రెండవది ఇప్పపూవు. మార్చి ఏప్రిల్ నెలలలో తెల్లవారుజామున చెట్లక్రింద ఏరుకొన్న పూవే అడవిపల్లెలలో పెక్కు కుటుంబములకు చేతికి వచ్చు రొక్కము. వడగండ్లకు చిల్లులుపడిన తునికాకు కట్టకు పనికిరాదు. వీరికి పట్టా లేదు, చేను లేదు. కనుక నష్టమును లేదని దస్త్రము.

ఇక కౌలుదారుని విషయము. చంద్రశేఖరరావుగారి వాగ్దానము మంచిదే. దాని నమలుజరుపుటకు మండలాధికారి చేతిలో నేమున్నది? 2011 నాటి సాగుదారుల చట్టము ప్రకారము కౌలురైతులకు ఋణార్హత కార్డులు ఈయవలెను. ప్రత్యేక రాష్ట్రమేర్పడిన పిదప తెలంగాణమున అది మూలబడినది. 2020లో వచ్చిన హక్కుల దస్త్రముల చట్టముతోను ధరణితోను పహాణీలోని అనుభవదారు కాలమే తొలగిపోయినది. 2018 నాటి రైతుబంధు పట్టాదారు పాసుపుస్తకము ననుసరించినది. 2025 జనవరి 26న ప్రారంభమైన రైతుభరోసా సాలీనా ఎకరమునకు 12,000 రూపాయలని మొత్తము పెంచినది గాని పాసుపుస్తకమును విడువలేదు. భూమిలేని కూలీలకు వేఱొక సాయమనిరి; కౌలుదారుడు ఈ రెంటికి నడుమ జారిపడినాడు. పొలములో నెవడు దున్నుచున్నాడో చెప్పు కాగితము ప్రభుత్వమునొద్ద లేనప్పుడు, వడగండ్లు పడిన పదిదినములలో ఆ మనుష్యుని వెదకి పట్టుకొనుట ఎంతటి సమర్థుడైన కలెక్టరునకును సాధ్యముగాదు. సొమ్ము పాసుపుస్తకము దారినే పోవును.

ఇది ఈ సీమకు క్రొత్త ప్రశ్న గాదు. జనగామ తాలూకా పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ మల్లంపల్లివారి భూమిని కౌలునకు చేసినది. విసునూరు దేశముఖు మనుష్యులు పంట నెత్తుకొనిపోవ వచ్చినపుడు పంట దున్నినవారిదని నిలిచినది. అప్పటి కౌలుదారునకు దేశముఖు భయము. ఇప్పటివానికి అట్టి భయము లేదు. ఊరివారే యజమానులు, పలుచోట్ల బంధువులే. కాని వాన పడిననాడు వాని పేరు ఎచ్చటను లేకపోవుట మాత్రము అట్లే యున్నది. విత్తనము వానిది, ఎరువు వానిది, అప్పు వానిది, ముందుగా చెల్లించిన కౌలును వానిదే. మిరపచేను పోయినచో పోవునది వాని పెట్టుబడి యంతయు. భూస్వామికి కౌలు ముందే ముట్టినది. పైగా పరిహారమును ఆయన ఖాతాలోనే పడును.

మా చదువరులలో భూవసతి గలవారు పెక్కుమంది యున్నారు. వారి సంశయము మాకు తెలియనిది కాదు. కాగితము వ్రాసియిచ్చినచో భూమి పోవునేమోయని వారి భయము. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చిన జ్ఞాపకము ఇంకను పెద్దల మనస్సులలో నున్నది. ఈ భయము నిరాధారమని కొట్టివేయుటకు మేము సిద్ధముగా లేము. అయితే 2011 చట్టము ఒక్క సంవత్సరపు సాగునకే అనుమతి యిచ్చునది, యాజమాన్యమును ముట్టదు. దానిని తిరిగి అమలునకు తెచ్చినచో భూస్వామికి నష్టము లేదు, కౌలుదారునకు బ్యాంకులోను మండలాఫీసులోను ఒక పేరుండును. దీనికి అడ్డుపడుచున్నది చట్టము కాదు, మన మౌనము. పట్టణములో నుండి పాసుపుస్తకముపై వడగండ్ల సొమ్ము తీసికొని, చేను పోయినవానికి పైసయైనను ఈయని పెద్దమనుష్యులు తమ ఊరిలో నెందఱున్నారో చదువరులు లెక్కవేసికొనవచ్చును. ఇచ్చినవారును ఉన్నారు, వారిని చూచి మిగిలినవారు సిగ్గుపడిన దాఖలా తక్కువ.

పంటకాలమును ముందునకు జరుపుడను సలహా యొకటి 2023 మే నెలలో మంత్రివర్గమే చేసినది. మార్చి ముగియులోపల యాసంగి కోతలు పూర్తికావలెనని. సలహా మంచిదే. కాలువనీరు ముందుగా వదలిన చోట, వానకాలపు కోత ముందుగా ముగిసిన చోట అది జరుగును. కాలువ చివరనున్న ఊళ్లకు నీరు వచ్చినప్పుడే నాటు. పైగా మార్చి నడుమ కురియు వడగండ్లకు మార్చి చివరి కోత అడ్డుగాదు.

కావున ప్రభుత్వము చేయవలసినది వాన వెలిసిన తరువాత కాదు, సంక్రాంతి వెళ్లగనే. ప్రతి గ్రామమందును ఈ యాసంగి ఎవరి చేను ఎవరు సాగుచేయుచున్నారో గ్రామసభలో చదివి, పట్టాదారు, కౌలుదారు ఇరువురి సంతకములతో జాబితా వ్రాసి పంచాయతీ గోడకు అంటింపవలెను. కోసిన పంటను గూడ పదునాల్గు దినముల వరకు నష్టపు లెక్కలో చేర్చవలెను. ఫసల్ బీమా నిబంధనలలోనే ఇట్టి గడువొకటి యున్నది. ఇప్పపూవు, తునికాకు ఏరుకొనువారి పేర్లను ఆ జాబితా చివరనే చేర్చవచ్చును. ఇందులో ఖర్చు కాగితమును సిరాయును మాత్రమే. హోలీ పండుగలోపల ఆ కాగితము గోడమీద కనబడవలెను.