మేనరికం అడిగే సైన్స్ కులాన్ని ఎందుకు అడగదు?

మూడేళ్ళొచ్చినా పిల్లాడికి మాట రాలేదని, పిలిస్తే తిరిగి చూడడం లేదని, తరచూ ఫిట్స్ వస్తున్నాయని ఒక తల్లి జిల్లా ఆసుపత్రికి వెళ్తుంది. డాక్టర్ అడిగే మొదటి నాలుగు ప్రశ్నల్లో ఒకటి తెలుగువాళ్ళందరికీ తెలుసు. "మేనరికమా?" అవునంటే కేసు షీటు మీద ఒక టిక్కు, తల్లి మీద ఒక చూపు. కాదంటే ఆ సంగతి అక్కడితో ముగుస్తుంది. మేనరికం కాకపోయినా ఆమె, ఆమె భర్త ఒకే కులం. వాళ్ళ అమ్మానాన్నలు ఒకే కులం. వంద తరాల కింద కాకపోయినా, యాభై అరవై తరాల కిందటి నుంచీ అంతా ఒకే కులం. ఆ ప్రశ్న మాత్రం కేసు షీటులో ఉండదు.

ఆటిజం, మేధో వైకల్యం, మూర్ఛ, నేర్చుకోవడంలో ఇబ్బందులు - వీటన్నిటినీ కలిపి నాడీ వికాస రుగ్మతలు అంటున్నారు. గత ముప్పై ఏళ్ళలో వీటి జన్యు మూలాల మీద, కణాల స్థాయిలో జరిగే మార్పుల మీద వచ్చిన జ్ఞానం చిన్నది కాదు. ఫ్రాజైల్ ఎక్స్‌కు కారణమైన ఎఫ్ఎంఆర్1 జన్యువును 1991లో కనుక్కున్నారు. రెట్ సిండ్రోమ్‌కు ఎంఈసీపీ2 కారణమని 1999లో తేలింది. ఆ జన్యువును తిరిగి పనిచేయిస్తే ఎలుకల్లో లక్షణాలు వెనక్కి మళ్ళుతాయని 2007లో చూపించారు. సిన్‌గ్యాప్1 అనే జన్యువుకు ఉండే రెండు ప్రతుల్లో ఒకటి పాడైతే చాలు, నాడీకణాల మధ్య సంధులు సమయానికి ముందే ముదిరిపోతాయని, మెదడు నేర్చుకోవాల్సిన వయసులో నేర్చుకోలేకపోతుందని 2012లో ఎలుకల మీద చేసిన పరిశోధన చెప్పింది. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లోనూ, ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్‌లలోనూ ఈ కోవలో గట్టి పని జరిగింది. ఈ సైన్స్‌ను నేను కాదనడం లేదు. పిల్లాడి జబ్బుకు పేరు దొరకడం కూడా ఆ తల్లికి పెద్ద ఊరట. అది ఆమె పాపమూ కాదు, కర్మా కాదు అని చెప్పగలిగేది సైన్సే.

అయితే ఆ సైన్స్ తన చేతిలోని నిజాన్ని పూర్తిగా పలకడం లేదన్నదే నా ఆరోపణ.

బ్రిటన్‌లో ఎదుగుదల లోపాలున్న వేలాది పిల్లల జన్యువులను పరిశీలించి 2018లో 'సైన్స్' పత్రికలో ఒక పత్రం వెలువడింది. యూరోపియన్ మూలాలున్న పిల్లల్లో తల్లిదండ్రులిద్దరి నుంచీ పాడైన ప్రతి రావడం వల్ల కలిగే జబ్బు 3.6 శాతం. పాకిస్తానీ మూలాలున్న పిల్లల్లో అది 31 శాతం. వెంటనే అందరి వేలూ దగ్గరి చుట్టరికపు పెళ్ళిళ్ళ వైపు తిరిగింది. బ్రిటన్‌లో అది ముస్లింల మీద నిందగా మారడానికి ఎంతోసేపు పట్టదు. కానీ బ్రాడ్‌ఫర్డ్‌లోని పాకిస్తానీ కుటుంబాల మీద 2021లో వచ్చిన అధ్యయనం ఇంకో సంగతి బయటపెట్టింది. ఆ సమాజం బిరాదరీలుగా చీలి ఉంది, ఒక బిరాదరీ మరో బిరాదరీతో పెద్దగా పెళ్ళి సంబంధం కలుపుకోలేదు, ఆ గీతలు జన్యువుల్లో స్పష్టంగా కనబడుతున్నాయి. బిరాదరీ అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మతం మారినా, దేశం మారినా, సముద్రం దాటినా వెంట వెళ్ళిన కులం అది.

మన దగ్గరి లెక్క ఇంకా సూటిగా ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2009లో 'నేచర్'లో రాసిన పత్రం భారతదేశంలో ఇలా రెండు ప్రతులూ పాడైతే వచ్చే జబ్బులు ఎక్కువగా ఉంటాయని ముందే అంచనా వేసింది. 2013లో వచ్చిన మరో పత్రం ప్రకారం సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా ఈ నేల మీద జనం విస్తృతంగా కలిశారు. ఆ తర్వాత ఆ కలయిక ఆగిపోయింది. 2017లో 260కి పైగా దక్షిణాసియా సముదాయాలను చూస్తే, వాటిలో 81 సముదాయాలు ఫిన్లాండ్ ప్రజలకన్నా, అష్కెనాజీ యూదులకన్నా ఇరుకైన పూర్వీకుల గుంపు నుంచి వచ్చినవని తేలింది. కొద్దిమంది పూర్వీకులు, వాళ్ళ చుట్టూ పెళ్ళి కంచె, ఆ కంచె లోపలే వందల ఏళ్ళుగా తిరిగే అవే జన్యు ప్రతులు. మత్తుమందుతో ఇచ్చే ఒక కండరాల సడలింపు మందు వైశ్య సముదాయంలో కొందరికి ప్రమాదం తేవడం ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ.

ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూడాలి. మేనమామను చేసుకుంటే పుట్టే బిడ్డకు సగటున ఎనిమిదో వంతు జన్యువుల్లో, మేనబావను చేసుకుంటే పదహారో వంతు జన్యువుల్లో ఒకే పూర్వీకుడి ప్రతి రెండు వైపుల నుంచీ చేరుతుంది. అది నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. కానీ గోత్రం చూసి, సపిండం చూసి, ఏడు తరాలు లెక్కపెట్టి పెళ్ళి చేసే కులాలు కూడా ఆ 260 సముదాయాల్లో ఉన్నాయి. వాళ్ళు మేనరికం చేసుకోరు, కులమూ దాటరు. వాళ్ళకూ ఈ బరువు ఉంది. అలాంటప్పుడు కారణం పేరు మేనరికం ఒక్కటే ఎలా అవుతుంది? మేనరికం ఇంట్లో కట్టిన గోడ అయితే, కులం ఊరి చుట్టూ కట్టిన కోట.

ఆ పత్రాల్లో ఈ కోటకు ఏం పేరు పెట్టారో చూడండి. 'అంతర్వివాహ ఆచారం', 'సాంస్కృతిక పద్ధతి', 'సామాజిక నిర్మాణం'. కొన్నిచోట్ల ఇదొక 'అవకాశం' కూడా. కొత్త జన్యువులు కనుక్కోవడానికి భారతదేశం గొప్ప గని అట. అవును, గనే. ఆ గనిని తవ్వింది ఎవరు, దాంట్లో కూరుకుపోయింది ఎవరు అన్నది మాత్రం రాయరు.

1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో 25 ఏళ్ళ అంబేడ్కర్ ఒక సెమినార్ పత్రం చదివారు. కులానికి ప్రాణం అంతర్వివాహమేనని, బయటి పెళ్ళి మామూలుగా ఉన్న జనం మీద దాన్ని బలవంతంగా రుద్దారని, ఆ కంచెను కాపాడడానికే సతిని, బలవంతపు వైధవ్యాన్ని, బాల్యవివాహాన్ని ప్రయోగించారని ఆయన వాదించారు. అప్పటికి డీఎన్ఏ ఆకారం తెలియదు. జనం ముందు కలిసి, తర్వాత కంచె పడిందని జన్యుశాస్త్రం చెప్పడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. ఇంత దగ్గరి మాట చెప్పిన ఆ పత్రాన్ని మన జన్యుశాస్త్రపు క్లాసురూముల్లో ఎంతమంది చదివించారు? 

ఇక రెండో వైపు. కులాన్ని అడగమన్నంత మాత్రాన కులాన్ని రక్తంలో వెతకమని కాదు. ఆ దారి ఎటు పోతుందో చరిత్రలో ఉంది. రిస్లీ ముక్కులు కొలిచి కులాలకు వరస కట్టాడు. అవే ముక్కు కొలతలను తీసుకుని బ్రాహ్మణుడూ అంటరానివాడూ వేర్వేరు జాతులు కారని 1948లో బాబాసాహెబ్ తిప్పికొట్టారు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు 'మందబుద్ధి' పేరుతో ఒక పేద యువతికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేయడాన్ని సమర్థించింది. 1933లో నాజీ జర్మనీ ఆ పనికే చట్టం చేసింది. మన బడుల్లో మాదిగ పిల్లాడిని, కోయ పిల్లను 'వీళ్ళకు చదువు ఎక్కదు' అని వెనక బెంచీకి తోసే మాస్టారికి రేపు ఒక జన్యు నివేదిక దొరికితే ఏం చేస్తాడు? కులం జన్యువుల్లో లేదు. కులం పెట్టిన కంచె గుర్తులు జన్యువుల్లో ఉన్నాయి. ఈ రెండు వాక్యాల మధ్య తేడా తెలియని శాస్త్రవేత్త చేతిలో మన పిల్లల రక్తం భద్రం కాదు.

పైగా అంతా జన్యువులే కాదు. పల్వల్, కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవా, హైదరాబాద్‌లలో 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2018లో అచ్చయింది. దాని ప్రకారం సుమారు ఎనిమిది మందిలో ఒకరికి ఏదో ఒక నాడీ వికాస రుగ్మత ఉంది. ప్రమాద కారణాలుగా ఆ పత్రం ఏం చెప్పింది? ఆసుపత్రి బయట కాన్పు, పుట్టగానే ఊపిరాడకపోవడం, నెలల లోపు జబ్బులు, మెదడుకు సోకే ఇన్ఫెక్షన్లు, తక్కువ బరువు, నెలలు నిండకుండా పుట్టడం, గిడసబారడం. ఈ జాబితాను వాడల దగ్గర, తండాల దగ్గర పెట్టి చూడండి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద గిడసబారిన పిల్లలు 35.5 శాతం. దళిత, ఆదివాసీ పిల్లల్లో ఆ సగటు కన్నా ఎక్కువ, అగ్రకులాల పిల్లల్లో తక్కువ. జన్యువును మార్చే మందు ఎప్పుడొస్తుందో తెలియదు. ఊపిరాడని పసిబిడ్డకు ఊపిరి అందించే సంచీ, దాన్ని వాడడం వచ్చిన నర్సు మాత్రం ఇవాళే సాధ్యం. అక్కడ మంజూరైన పోస్టు ఖాళీగా ఉంటే దాన్ని ఏ జన్యులోపం అందాం?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రతి జిల్లాకూ తొలిదశ గుర్తింపు, చికిత్స కేంద్రం ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది, ఆటిజం కూడా అందులో ఉంది. కాగితం మీద హక్కుంది. స్పీచ్ థెరపీకి వారానికి రెండుసార్లు కూలి మానుకుని, బస్సు ఎక్కి, పిల్లాడిని ఎత్తుకుని వచ్చే తల్లికి ఆ రోజు కూలి ఎవరిస్తారు?

ఇక రక్తం సంగతి. జీనోమ్ ఇండియా పదివేల మంది జన్యుపటాలను సేకరించింది, 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు తెరిచారు. మంచిదే. కానీ అమెరికాలో హవాసుపాయ్ ఆదివాసులకు జరిగింది మరవద్దు. మధుమేహం పరిశోధనకని ఇచ్చిన రక్తాన్ని వాళ్ళకు చెప్పకుండా స్కిజోఫ్రీనియా మీద, లోపలి పెళ్ళిళ్ళ మీద పరిశోధనకు వాడారు. వాళ్ళు కోర్టుకెక్కారు. 2010లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ యాజమాన్యం పరిహారం చెల్లించి, మిగిలిన నమూనాలు తిరిగి ఇచ్చింది. మన గూడేల్లో వేలిముద్ర వేయించుకుని తీసిన రక్తం ఎక్కడుందో, ఏం తేలిందో ఆ గూడేనికి ఎవరు తిరిగొచ్చి చెప్పారు?

చెప్పే మనుషులు ఆ ల్యాబుల్లో లేకపోవడం కూడా యాదృచ్ఛికం కాదు. దేశంలోని అగ్రశ్రేణి సైన్స్ సంస్థల్లో ప్రొఫెసర్ కుర్చీలు దాదాపుగా అగ్రకులాల చేతిలోనే ఉన్నాయని 2023 జనవరిలో 'నేచర్' పత్రికే రాసింది. కులం గురించి ఎన్నడూ బాధపడనవాళ్ళు ప్రశ్నలు తయారుచేస్తే, ప్రశ్నాపత్రంలో కులం ఎందుకుంటుంది?

"సైన్స్‌కు కులం లేదు" అనేవాళ్ళకు నా జవాబు: సైన్స్‌కు లేకపోవచ్చు, మీ నమూనా సంచుల మీద రాసిన లేబుల్‌కు ఉంది. ఆ లేబుల్ మీద కులం పేరు రాసుకుని, పత్రం ముగింపులో కులాన్ని దాచడం తటస్థత కాదు. "జన్యు పరిశోధన అంతా బ్రాహ్మణీయ కుట్ర, మనకొద్దు" అనే మన మిత్రులకు కూడా ఒక మాట. దాన్ని వదిలేస్తే, మన పిల్లల జబ్బులకు మాత్రమే పేర్లుండవు. మన మీద రాసే ప్రతి వాక్యం వాళ్ళే రాస్తారు.

కాబట్టి విద్యార్థులుగా, పరిశోధకులుగా మనం అడగాల్సినవి ఉన్నాయి. కుల సముదాయాల నుంచి నమూనాలు తీసుకునే ప్రతి ప్రాజెక్టు నైతిక కమిటీలో ఆ సముదాయాల మనుషులు ఉండాలి. ఫలితాలు వాళ్ళ భాషలో వాళ్ళ దగ్గరికి తిరిగి రావాలి. జన్యు సలహా జిల్లా ఆసుపత్రిలో, తెలుగులో, ఉచితంగా అందాలి. అందులో మేనరికం గురించి ఎంత నిజాయితీగా చెబుతారో, కులం గురించీ అంతే నిజాయితీగా చెప్పాలి. ఇవన్నీ అడుగుతూనే కులాంతర వివాహం చేసుకున్న జంటలను చంపే సమాజంలో ఆ జంటలకు రక్షణ అడగాలి. పిల్లలు ఆరోగ్యంగా పుడతారని కాదు, ఎవరినైనా ప్రేమించే హక్కు మనిషిది కనుక. వైకల్యంతో పుట్టిన బిడ్డ కూడా పూర్తి మనిషే కనుక.

ఆ తల్లి మళ్ళీ వచ్చే నెల ఆసుపత్రికి వెళ్తుంది. "మేనరికమా?" అని అడిగితే ఆమె సిగ్గుతో తల దించుకోకూడదు. తల దించుకోవాల్సింది వేల ఏళ్ళుగా ఆ కంచె కట్టినవాళ్ళు, ఇవాళ దాన్ని కొలుస్తూ దాని పేరు పలకనివాళ్ళు.

జై భీమ్.