ఎత్తును జెప్పు గడియారము

మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మొన్న, "మాస్టారూ, విమానము నడుపువానికి తానెంత యెత్తున నున్నాడో యెట్లు తెలియును?" అని యడిగెను. యంత్రము చెప్పునంటిమి. "ఆ యంత్రమే తప్పు చెప్పినచో?" అని వాడు మరల నడిగెను. ఆ ప్రశ్నకు తరగతిలో చాలినంత యుత్తరము చెప్పలేకపోతిమి. కావున నిచ్చట వ్రాయుచున్నాము.

ఆల్టీమీటరు నేలను చూడదు. అది గాలిబరువును మాత్రమే యెరుగును. మన ప్రయోగశాలలోని అనెరాయిడు బారోమీటరుపై మిల్లీబారులకు బదులు అడుగులు వ్రాసినచో నదియే యిది. సముద్రమట్టమునకు సమీపమున సుమారు 27 అడుగులెక్కినచో నొక మిల్లీబారు తగ్గును. కాని గాలిబరువు పైకెక్కుటవలననే గాక వాతావరణము మారుటవలన గూడ తగ్గును. ఈ రెంటికి గల భేదమును యంత్రము గుర్తింపజాలదు. అందుచేత నానాటి గాలిబరువునకు సరిపెట్టుటకు దానికొక చిన్న మర యుండును. 1929 సెప్టెంబరు 24న జేమ్స్ డూలిటిల్ బయటి దృశ్యమును చూడక, యంత్రములనే నమ్మి విమానమునెక్కించి దింపినప్పుడు కోల్స్‌మన్ నిర్మించిన యిట్టి యాల్టీమీటరే యతనికి తోడుగా నుండెను.

గన్నవరమున గాని, శంషాబాదున గాని దిగువానికి ఆనాటి సంఖ్యను రేడియోలో చెప్పువారు కలరు. చెప్పువారు లేని బాటల సంగతి యేమి? రెండవ ప్రపంచయుద్ధకాలమున దొనకొండలో వేసిన విమానపు బాట వంటివి మన దేశమున పెక్కు గలవు. అట్టి చోటనుండి బయలుదేరువానికి చిక్కు లేదు. ఆ నేల సముద్రమట్టమునకెన్ని యడుగుల యెత్తో పటములో నుండును. ముల్లు ఆ సంఖ్యపై నిలుచువరకు మర త్రిప్పిన చాలును. చిక్కంతయు దిగవచ్చువానిదే. అతడు సమీపమందలి మరియొక కేంద్రపు సంఖ్యను దెచ్చుకొనవలెను. అమెరికా నియమము ప్రకారము ఆ కేంద్రము 100 నాటికల్ మైళ్లలో, అనగా సుమారు 185 కిలోమీటర్లలో నుండవలెను. ఇట్లు అరువు తెచ్చిన సంఖ్యతో దిగునప్పుడు, మబ్బులో నెంతవరకు క్రిందికి రావచ్చునో ఆ హద్దును పెంచుదురు. అది మిక్కిలి న్యాయమని మా యభిప్రాయము.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్లకు సమీపముననే తీరము దాటినది. అట్టి దినమున నొకడు 1010 మిల్లీబారులకు సరిపెట్టిన యంత్రముతో 990 గల చోటికి వచ్చెననుకొందము. ముల్లు వేయి యడుగులు చూపును. అతడు నిజముగా నాలుగువందల డెబ్బది యడుగులలోపుననే యుండును. మబ్బులో దిగువాని కది చావుబ్రతుకుల భేదము.

పెద్ద విమానాశ్రయములలో నిట్టిది జరుగదని యనుకొనరాదు. 1995 నవంబరు 12న అమెరికాలోని బ్రాడ్లీ విమానాశ్రయమునకు వచ్చుచున్న యొక విమానము కొండచరియపై చెట్లను తాకెను. ఆ రాత్రి గాలిబరువు త్వరత్వరగా తగ్గుచుండెను. క్రొత్త సంఖ్యను వారికి చెప్పినవారు లేరు, వారును అడుగలేదు. ఉండవలసిన హద్దుకంటె క్రిందికి దిగుటయు జరిగెను. దైవకృపచే 78 మందియు బ్రతికిరి.

ఉపగ్రహములు ఎత్తును చెప్పుచుండగా నింకను గాలిబరువేల యని కొందరు తండ్రులు మమ్మడిగిరి. ఆకాశమున నొకదానిపైనొకటి పోవు విమానములకు ఎడము నిలుపుటకు అందరికిని ఒకే కొలబద్ద కావలెను. ఆ కొలబద్ద నేటికిని గాలిబరువే. ఒకడు గజముతోను, ఒకడు మూరతోను కొలిచినచో బట్టలంగడిలో తగవు మాత్రమే వచ్చును; మన చీరాల, వేటపాలెముల నేతవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

విమానములు దిగు ప్రతిచోటను, అవి యెంత యరుదుగా వచ్చినను, గాలిబరువును చెప్పు నేర్పాటుండవలెనని మేము తలంచుచున్నాము. అది మిక్కిలి ఖర్చైన పనియు గాదు. పాఠశాలలు గూడ తమ బారోమీటరులను బొమ్మలవలె గోడకు వ్రేలాడదీయుట మానవలెను. మేము పూర్వము పనిచేసిన యొక పాఠశాలలో, ముల్లు ఏండ్ల తరబడి కదలకుండగా దానినే చూపి పాఠము చెప్పితిమి. ఇది చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

ఇప్పుడు ప్రశ్న యడిగిన విద్యార్థియే ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు మన బారోమీటరును చదివి, బాపట్ల వాతావరణ కేంద్రపు సంఖ్య ప్రక్కన వ్రాయుచున్నాడు. తొలిదినమున మనది ఏడు మిల్లీబారులు తక్కువ చూపెను. అది ఆల్టీమీటరే యైనచో, మనము వరండాలో బల్లపై గూర్చుండియే 190 అడుగుల యెత్తున నెగురుచుంటిమని చెప్పెడిది.