చొచ్చుకుపోయే చూపు

ఇంటికొచ్చిన చుట్టం నవ్వుతూనే కబుర్లు చెబుతుంటాడు. అందరికీ ఆ నవ్వే కనిపిస్తుంది. ఏదో ఇబ్బందిలో ఉన్నాడని బామ్మ మాత్రం ఇట్టే పసిగట్టేస్తుంది. ఇలాంటివారిని ఇంగ్లిషులో 'పర్‌స్పికేషస్' అంటారు. అంటే నిశితదృష్టి కలవారన్నమాట. నోరు తిరగని మాటే అయినా, దీని చుట్టరికం మన ఇంటిదాకా ఉంది.

లాటిన్‌లో 'స్పెకెరె' అంటే చూడటం. 'పెర్' అంటే గుండా. పైపైన ఆగకుండా లోపలికంటా చూడటమని భావం. పదిహేడో శతాబ్దంలో ఈ మాట ఇంగ్లిషులో చేరింది. స్పెకెరె సంతానం పెద్దదే. లోపలికి చూస్తే 'ఇన్‌స్పెక్షన్'. వెనుదిరిగి మళ్లీ చూస్తే 'రెస్పెక్ట్'. కింది నుంచి పైకి చూస్తే 'సస్పెక్ట్'. కళ్లజోడు 'స్పెక్టకిల్స్' కూడా అక్కడిదే.

సంస్కృతంలో దీనికి తోబుట్టువు 'స్పశ్' ధాతువు. ఋగ్వేదంలో వరుణుడి వేగులను పిలిచింది ఈ మాటతోనే. ఇంగ్లిషు 'స్పై'దీ అదే వంశం. మనం రోజూ వాడే 'స్పష్టం' కూడా అంతే. స్పష్టమంటే బాగా కనిపించేదని!

పిల్లలు పరీక్షల్లో పొరబడేది ఇక్కడే. 'పర్‌స్పిక్యుయస్' అని ఇంకో మాట ఉంది. దానర్థం స్పష్టమైనదని. లోతుగా చూసే మనిషి పర్‌స్పికేషస్. చదవగానే అర్థమయ్యే రాత పర్‌స్పిక్యుయస్. ఒకటి చూసేవారికి, రెండోది కనిపించేదానికి అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇంతకీ ఈ చుట్టరికాలు ఎలా బయటపడ్డాయి? సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని 1786లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సభలో సర్ విలియం జోన్స్ చెప్పాడు. దూరదూరంగా ఉన్న భాషల్లో పోలిక పట్టిన చూపు అది.

దగ్గరగా ఉన్నవాటిలో తేడా పట్టడానికీ అలాంటి చూపే కావాలి. తెలుగులోని సంస్కృత పదాలను చూసి, తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందనుకున్న పండితులు ఎందరో. మద్రాసు కలెక్టర్ ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఆ పైపూత దాటి చూశాడు. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణంతోపాటు అచ్చయిన వ్యాసంలో ఆధారాలతో చూపించాడు.

'స్పష్టం' మనం తెచ్చుకున్న మాట. 'చూపు' మన సొంతం. రెండూ ఒకే వాక్యంలో కలిసిమెలిసి ఉన్నా ఏది ఏదో పోల్చుకోగలిగినవారే పర్‌స్పికేషస్!