ఇరవై నాలుగు రాళ్ళు, ఒక కుక్క

సైడ్ క్వెస్ట్ కనబడితే వదలకూడదన్నది చాలామంది గేమర్ల సిద్ధాంతం. నేనూ ఆ బాపతే. కానీ ఈ మధ్య ఓ అనుమానం మొదలైంది.. మనం పూర్తి చేస్తున్నది కథనా, చెక్ లిస్టునా?

నా ఘనకార్యం ఒకటి చెప్తాను, నవ్వకండి. 'స్కైరిమ్' (2011) ఆడినవాళ్ళకి బారెంజియా రాళ్ళు గుర్తుండే ఉంటాయి. ఎక్కడో ఓ మెరిసే రాయి కనిపిస్తుంది, బావుంది కదా అని సంచీలో వేసుకుంటాం. ఇహ అంతే! అలాంటివి మొత్తం 24. ఒకటి వైట్‌రన్ కోటలో జార్ల్ గారి పడగ్గదిలో, ఇంకోటి వింటర్‌హోల్డ్ కాలేజీలో ఆర్చ్‌మేజ్ గదిలో.. ఇలా దేశమంతా చెల్లాచెదురు. ఎక్కడున్నాయో మ్యాప్ చూపించదు. పోనీ పారేద్దామంటే పారేయనివ్వదు. చివరికి నెట్‌లో లిస్టు పట్టుకుని, పక్కన ఎక్సెల్ షీట్ తెరిచి, ఒక్కోదానికీ టిక్కు పెట్టుకుంటూ పోయాను. అవతల ఆల్డూయిన్ అనే డ్రాగన్ లోకాన్నే మింగేస్తానని వచ్చి కూచుంటే, హీరోగారు ఇక్కడ రాళ్ళేరుకుంటున్నారు :)

రెండు వీకెండ్లు పోయాక దక్కిందేమిటయ్యా అంటే, ఇకనుంచీ పెట్టెల్లో రత్నాలు ఎక్కువగా దొరికే వరం! అప్పటికే నా దగ్గర డబ్బు మూలుగుతోంది. పళ్ళూడాక శనగలు దొరికినట్టు.

ఇప్పుడు రెండోది. 'విచర్ 3' (2015) మొదట్లోనే, వైట్ ఆర్చర్డ్‌లో డ్యూన్ అనే పల్లెటూరి మనిషి తగులుతాడు. యుద్ధానికెళ్ళిన తమ్ముడు బాస్టియన్ తిరిగి రాలేదు, వెతికిపెట్టమంటాడు. శవాలు పడున్న యుద్ధభూమి అంతా గాలించి, ఇంటికుక్క వాసన పట్టిన దారినే వెళితే, ఓ పాడుబడ్డ గుడిసెలో తమ్ముడు బతికే ఉంటాడు. పక్కనే ఇంకొకడు.. శత్రు దేశం నిల్ఫ్‌గార్డ్ సైనికుడు. వాడి సాయం వల్లే తమ్ముడు బతికాడు.

డ్యూన్ భయం న్యాయమైనదే. ఊరు ఇప్పుడు నిల్ఫ్‌గార్డ్ చేతిలో ఉంది. పారిపోయి వచ్చినవాణ్ణి ఇంట్లో దాచాడని తెలిస్తే అందరి ప్రాణాలూ పోతాయి. తీసుకెళ్ళమనాలా, వదిలెయ్యమనాలా? సలహా చెప్పాల్సింది మనం. మంచికిన్ని, చెడుకిన్ని అని పాయింట్లేమీ ఉండవు. నేనైతే కంట్రోలర్ పట్టుకుని కాసేపు అలా ఉండిపోయాను. తీసుకెళ్ళమన్నాను. ఆ ఇల్లు ఏమైపోతుందోనన్న బెంగ మాత్రం ఆట కట్టేసినా పోలేదు.

రెండూ ఐచ్ఛికమే. రెండూ ఎగ్గొట్టినా అసలు కథ ఆగదు. మొదటిది నా టైమ్ మాత్రమే అడిగింది. రెండోది నన్ను అడిగింది.

మన ఆఫీసుల్లోనూ ఇదే జబ్బు. కవరేజ్ 100% చూపించాలని గెట్టర్లకీ సెట్టర్లకీ టెస్టులు రాసేస్తాం. నిజంగా పగిలే చోట ఒక్క టెస్టు రాయడానికి మాత్రం ఆలోచించాలి కాబట్టి వాయిదా వేస్తాం. పచ్చరంగు చూసి పని అయిందనుకుంటాం.

"ప్రొడక్షన్ ఇష్యూతో తల వాచిపోయి ఇంటికొచ్చినవాడికి రాళ్ళేరుకోవడమే హాయి కదా" అంటారు మా టీమ్‌లో ఒకాయన. ఒప్పుకుంటాను. కానీ హాయి కోసమైతే ఆరో రాయి దగ్గరే ఆపెయ్యొచ్చుగా? నేను ఇరవై నాలుగోదాకా వెళ్ళింది హాయి కోసం కాదు, లిస్టులో ఖాళీ గడి చూడలేక. ఐచ్ఛికం అంటే చెయ్యొచ్చు అనే కాదు, మానెయ్యొచ్చు అని కూడా. ఆ రెండో సగాన్ని మనం మర్చిపోయాం.

అన్నట్టు, విచర్‌లో స్కెల్లిగే సముద్రం నిండా ప్రశ్నార్థకం గుర్తులే. పడవేసుకుని వెళితే చాలావాటి దగ్గర స్మగ్లర్లు దాచిన సరుకు తప్ప ఇంకేం ఉండదు. నా మ్యాప్ మీద అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. మొదట్లో కాస్త దురద పెట్టింది గానీ, తర్వాత పోయింది.

మరి మీరు ఎన్నో రాయి దగ్గర ఆపారు?